‘ఐ యామ్ ఎ స్టాఫ్’లో ఆ ‘ఎ’ ఎవరు పెట్టారు?

కళాశాలల సావనీర్లు, సెమినార్ బ్రోషర్లు, ఆహ్వాన పత్రికలు, గుర్తింపు కార్డులు అచ్చుకు వెళ్లే ముందు వాటిలోని ఇంగ్లీషును ఒకసారి చూసిపెట్టడం, ఉద్యోగ విరమణ తరువాత తిరుపతిలో నాకు అబ్బిన వ్యాపకం. ఈ ఊళ్లో ఆ పనికి కొదవ లేదు. 1954లో శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం, 1983లో శ్రీపద్మావతి మహిళా విశ్వవిద్యాలయం, 2015లో ఐఐటీ, సైన్సు విద్యాపరిశోధనల సంస్థ ఐసర్ వచ్చాయి. వీటి చుట్టూ కళాశాలలు, కోచింగ్ సెంటర్లు, ఆసుపత్రులు పెరిగాయి. కాబట్టి ‘నేను ఫలానా సంస్థకు చెందినవాణ్ని’ అని ఇంగ్లీషులో రాసుకోవలసిన అవసరం ఇక్కడ చాలామందికి తరచుగా కలుగుతుంది. సరిగ్గా ఆ ఒక్క వాక్యం దగ్గరే, వ్యాకరణం బాగా తెలిసినవారు కూడా తడబడడం చూస్తూ వచ్చాను. ‘ఐ యామ్ ఎ స్టాఫ్ ఆఫ్ దిస్ కాలేజ్’, ‘షి ఈజ్ ఎ ఫ్యాకల్టీ’, ‘హి ఈజ్ ఏన్ అలమ్నై’, ‘మై డాటర్ ఈజ్ ఎ క్యాబిన్ క్రూ’ వంటి వాక్యాలు చదువు తక్కువైనవారి నుంచి వచ్చేవి కావు. ఇంగ్లీషును శ్రద్ధగా నేర్చుకున్నవారి నుంచి వచ్చేవి. వీటిలో తప్పు పుట్టేది నిర్లక్ష్యం వల్ల కాదని, అతి జాగ్రత్త వల్లనే అని నా అభిప్రాయం.

ఈ విషయం ముందుగా తెలుగు వైపు నుంచి చూడడం మంచిది. కళాశాల గేటు దగ్గర వాచ్‌మన్ ఆపితే ఒక లెక్చరర్ ‘నేను స్టాఫ్ బాబూ’ అంటాడు. ఎన్నికల రోజుల్లో టీ అంగడి దగ్గర ‘ఆయన కాంగ్రెస్, వాళ్ల తమ్ముడు తెలుగుదేశం’ అనుకుంటాం. పెళ్లిలో ఎవరో పలకరిస్తే పక్కవారికి ‘ఆయన మా బ్యాచ్’ అని పరిచయం చేస్తాం. ఈ మాటలన్నిటిలో సమూహం పేరే మనిషికి పేరవుతుంది. ‘సభ్యుడు’ అన్న మాట జోడించాలని ఎవరికీ తోచదు. తెలుగులో ఆలోచించి ఇంగ్లీషులో రాసే మనిషికి ముందుగా స్ఫురించే వాక్యం ‘ఐ యామ్ స్టాఫ్’. అది నిక్షేపంలాంటి ఇంగ్లీషు. ఇంగ్లీషువాళ్లు కూడా గేటు దగ్గర అదే అంటారు. అయితే మనకు బడిలో ఆర్టికల్ మానేసినందుకు పడిన దెబ్బలు గుర్తుంటాయి. ‘ఐ యామ్ టీచర్’ అన్నందుకు, ‘హి ఈజ్ డాక్టర్’ అన్నందుకు పడిన ఎర్ర సిరా గీతలు గుర్తుంటాయి. కనుక మనిషి గురించి చెబుతున్నాం కదా, ఏకవచనం కదా అని ఆ మంచి వాక్యంలో ఒక ‘ఎ’ దూర్చుతాం. ఆ అక్షరమే వాక్యాన్ని పాడుచేస్తుంది.

పాడుచేయడం అంటే వ్యాకరణ దోషం ఒక్కటే కాదు, అర్థమే మారిపోతుంది. ‘ఎ స్టాఫ్’ అంటే ఒక కర్ర, దండం. లేదా ఒక సంస్థ సిబ్బంది మొత్తం. ‘ఎ సెక్యూరిటీ’ అంటే షేరు, బాండు వంటి పెట్టుబడి పత్రం. ‘ఎ ఫ్యాకల్టీ’ అంటే విశ్వవిద్యాలయంలో ఒక విభాగం, కాకపోతే చూపు, వినికిడి వంటి ఒక సహజ శక్తి. ‘హి ఈజ్ ఎ ఫ్యామిలీ’ అంటే ఆ ఒక్క మనిషే ఒక కుటుంబం అయిపోతాడు. ‘హి ఈజ్ ఫ్యామిలీ’ అంటే మాత్రం ‘ఆయన మావాడే’ అన్న ఆప్యాయమైన మాట. మధ్యలో ఉన్నది ఒక్క అక్షరమే.

ఒక ప్రైవేటు కళాశాలలో కొత్తగా చేరిన యువ అధ్యాపకురాలు తన పరిచయ వాక్యాలు చూపించడానికి వచ్చినప్పుడు ఇదే చర్చ జరిగింది. ‘ఐ యామ్ ఎ ఫ్యాకల్టీ ఇన్ ద డిపార్ట్‌మెంట్ ఆఫ్ కెమిస్ట్రీ’ అని ఆమె రాసుకొచ్చింది. ‘ఎ’ కొట్టేశాను. ఆమె నొచ్చుకోలేదు గాని, ‘సార్, పెట్టకపోతే తప్పంటారు, పెడితే తప్పంటారు, మేమేం చేసేది?’ అని నిలదీసింది. ప్రశ్న న్యాయమైనదే. ‘మీ ఇంట్లో బియ్యం అయిపోతే ఏమంటారమ్మా?’ అని అడిగాను. ‘బియ్యం అయిపోయినాయి అంటాం.’ ‘ఒక్కటే మిగిలితే? ఒక బియ్యం మిగిలింది అంటారా?’ ఆమె నవ్వి, ‘గింజ అంటాం సార్’ అంది. స్టాఫ్ అన్నది అచ్చంగా బియ్యం లాంటి మాట. బియ్యానికి బహువచన క్రియ వస్తుంది, ఏకవచనం లేదు, ‘ఒక’ అతకదు. ఒక్కదాన్ని చెప్పాలంటే గింజ అన్న మరో మాట తెచ్చుకోవాలి. ఇంగ్లీషులో ఆ గింజ పేరు ‘మెంబర్’. ‘స్టాఫ్ మెంబర్’ అనవచ్చు; బ్రిటిష్ ఇంగ్లీషులో ‘మెంబర్ ఆఫ్ స్టాఫ్’ ఎక్కువగా వినిపిస్తుంది. మొత్తాన్ని ఒక పదార్థంలా చెప్పదలిస్తే ఏ ఆర్టికల్ లేకుండా ‘స్టాఫ్’ అంటే చాలు.

అయితే సమూహాన్ని చెప్పే నామవాచకాలన్నీ ఇలా బియ్యం జాతివి కావు. చిక్కంతా అక్కడే ఉంది. ‘ఐ యామ్ స్టాఫ్’ చెల్లుతుంది కదా అని ‘ఐ యామ్ కమిటీ’, ‘ఐ యామ్ బోర్డ్’ అంటే చెల్లదు. ఏది ఏ జాతిదో తేల్చుకోవడానికి నేను వాడే పరీక్ష ఒకటుంది. ఆ మాటకు ముందు ‘మోర్’ పెట్టి, చివర ‘ఎస్’ లేకుండా పలికి చూడాలి. ‘వి నీడ్ మోర్ స్టాఫ్’ సహజంగా ఉంది. ‘మోర్ ఫ్యాకల్టీ’, ‘మోర్ పోలీస్’, ‘మోర్ సెక్యూరిటీ’, ‘మోర్ క్రూ’ కూడా సహజంగానే ఉన్నాయి. ‘మోర్ కమిటీ’, ‘మోర్ బోర్డ్’, ‘మోర్ టీమ్’, ‘మోర్ యూనియన్’ మాత్రం నోటికి అడ్డం పడతాయి. అక్కడ ‘మోర్ కమిటీస్’ అనే అనాలి, దాని అర్థం ‘ఇంకొన్ని కమిటీలు’ అని. మొదటి వరుసలోని మాటలు మనుషుల రాశిని చెబుతాయి. రెండో వరుసలోనివి హద్దులున్న ఒక నిర్మాణాన్ని చెబుతాయి. రాశి పేరును మనిషికి నేరుగా తగిలించవచ్చు: ‘షి ఈజ్ ఫ్యాకల్టీ’, ‘హి ఈజ్ పోలీస్’, ‘షి ఈజ్ క్యాబిన్ క్రూ’. నిర్మాణం పేరును తగిలించలేం; దానికీ మనిషికీ మధ్య ‘మెంబర్’ అన్న మాటో ఒక విభక్తో ఉండి తీరాలి. ఈ పరీక్ష ప్రతి మాటకూ పనిచేస్తుందని చెప్పను. పార్టీ పేర్లు ఇందులో ఇమడవు. ‘షి ఈజ్ లేబర్’ అని బ్రిటన్‌లో, ‘హి ఈజ్ కాంగ్రెస్’ అని మన దగ్గర అనడం ఉంది. అయినా రోజువారీ రాతకోతల్లో వచ్చే మాటలకు ఇది బాగానే అక్కరకు వస్తుంది.

విభక్తి అన్నాను కనుక ఇక్కడ కొంచెం ఆగాలి, ఎందుకంటే మనవారు ఎర్ర సిరా కూడా తగలకుండా తప్పించుకునే చోటు ఇది. తెలుగులో ‘కమిటీలో ఉన్నాడు’, ‘పోలీసుల్లో ఉన్నాడు’, ‘బోర్డులో ఉన్నాడు’, ‘సైన్యంలో ఉన్నాడు’ అంటూ అన్నిటికీ ఒకే ‘లో’ సరిపోతుంది. ఇంగ్లీషులో ఆ ‘లో’ రెండుగా చీలుతుంది. కమిటీ, బోర్డు, కౌన్సిల్, ప్యానెల్, జ్యూరీ వంటి కూర్చుని తీర్మానించే బృందాలకు ‘ఆన్’ రావాలి: ‘షి ఈజ్ ఆన్ ద కమిటీ’, ‘హి సర్వ్‌డ్ ఆన్ ద బోర్డ్’. ఆర్మీ, పోలీసు, క్లాసు, పార్టీ వంటి చేరి పనిచేసే, చదివే సమూహాలకు ‘ఇన్’ రావాలి. స్టాఫ్‌కు ‘ద’ చేర్చి ‘ఆన్ ద స్టాఫ్’ అంటారు, పేరు జాబితాకెక్కిందన్న భావంతో కాబోలు. టీమ్ దగ్గర అట్లాంటిక్ మహాసముద్రం అడ్డం వస్తుంది; బ్రిటిష్‌వారు ‘ఇన్ ద టీమ్’ అంటే అమెరికన్లు ‘ఆన్ ద టీమ్’ అంటారు. మన క్రికెట్ వార్తలు బ్రిటిష్ పద్ధతిలో, సాఫ్ట్‌వేర్ ఉద్యోగుల ఈమెయిళ్లు అమెరికన్ పద్ధతిలో ఉండడం సహజమే, రెంటినీ నేను ముట్టుకోను. అదే తిరుమల తిరుపతి దేవస్థానాల ధర్మకర్తల మండలి గురించి ‘హి వాజ్ ఇన్ ద బోర్డ్’ అని రాసి తెస్తే మాత్రం ‘ఆన్’ అని దిద్దుతాను, లేదా ‘ఎ మెంబర్ ఆఫ్ ద బోర్డ్ ఆఫ్ ట్రస్టీస్’ అని విడదీసి రాయమంటాను. ‘మెంబర్’ తరువాత ఎప్పుడూ ‘ఆఫ్’ అన్నది మరిచిపోకూడదు. ‘మెంబర్ ఇన్ ద కమిటీ’ అన్నది మన ‘కమిటీలో సభ్యుడు’కు ఇంగ్లీషు లిపి తొడిగిన రూపం.

ఇక అంకెల సంగతి ఈ మొత్తం వ్యవహారంలో నాకు అన్నిటికన్నా వింతగా తోచే భాగం. ‘ఒక స్టాఫ్’ కూడదన్న ఇంగ్లీషు ‘ట్వెంటీ స్టాఫ్’ను కిమ్మనకుండా ఒప్పుకుంటుంది. ‘ఎ పోలీస్’ తప్పు. ‘టూ హండ్రెడ్ పోలీస్ వర్ డిప్లాయ్డ్’ తప్పు కాదు. ‘ఎ క్రూ’ అంటే ఓడలోనో విమానంలోనో పనిచేసే మొత్తం బృందం. ‘సిక్స్ క్రూ’ అంటే ఆరు బృందాలని ఎవరూ అనుకోరు, ఆరుగురు మనుషులనే అనుకుంటారు. రేణిగుంట విమానాశ్రయంలో దిగిన విమానం గురించి ఎవరైనా ‘ఎ క్రూ వాజ్ వెయిటింగ్’ అంటే బృందమంతా ఎదురుచూస్తోందని అర్థం. అంకె ఒకటి నుంచి పైకి పోయేకొద్దీ బృందం కరిగి మనుషులు కనబడతారన్న మాట. పశువులను చెప్పే ‘క్యాటిల్’ కూడా ఇదే తోవలో నడుస్తుంది: యాభై క్యాటిల్ ఉండవచ్చు, ఒక క్యాటిల్ ఉండకూడదు, ఉంటే అది ఆవో ఎద్దో అయి ఉండాలి.

‘ట్రూప్’ అన్న మాటలో ఇది మరీ తమాషాగా ఉంటుంది. అలిపిరి నడకదారిలో కొబ్బరి చిప్పల కోసం దిగే కోతుల గుంపును ఇంగ్లీషులో ‘ఎ ట్రూప్ ఆఫ్ మంకీస్’ అంటారు. మూడు గుంపులు దిగితే అవి ‘త్రీ ట్రూప్స్’. అదే మాట పత్రికలో సైన్యం గురించి ‘ఫైవ్ థౌజండ్ ట్రూప్స్’ అని వస్తే ఐదువేల గుంపులు కాదు, ఐదువేలమంది సైనికులు. ఒక్క సైనికుణ్ని మాత్రం ‘ఎ ట్రూప్’ అనకూడదు, ‘ఎ సోల్జర్’ అనాలి.

‘స్టాఫ్స్’ అన్న బహువచనం మన నోటీసు బోర్డుల మీద విరివిగా కనిపిస్తుంది: ‘ఆల్ స్టాఫ్స్ ఆర్ రిక్వెస్టెడ్’. రెండు మూడు సంస్థల సిబ్బందిని వేరువేరుగా లెక్కపెట్టేటప్పుడు ఆ బహువచనం సరైనదే. ఒకే కళాశాల నోటీసులో మాత్రం ‘ఆల్ స్టాఫ్’ చాలు, లేదా ‘ఆల్ స్టాఫ్ మెంబర్స్’. జంట మాటల్లో బహువచనం రెండో దానికే పడుతుంది కాబట్టి ‘కమిటీస్ మెంబర్స్’ అనకూడదు. ‘మెంబర్స్ ఆఫ్ పార్లమెంట్’లో మాత్రం అసలు మాట ముందుంది కనుక ముందుదానికే పడుతుంది.

‘ఫ్యాకల్టీ’ విషయంలో నేను కొంత రాజీ పడ్డానని చెప్పాలి. బ్రిటన్‌లో ఆ మాటకు ముఖ్యమైన అర్థం విశ్వవిద్యాలయంలో ఒక శాఖా సముదాయం, ‘ఫ్యాకల్టీ ఆఫ్ ఆర్ట్స్’ వంటిది. అమెరికాలో బోధన సిబ్బంది మొత్తం. మన దేశంలో ఆ రెండూ ఉంటూనే మూడో అర్థం ఒకటి స్థిరపడింది: పాఠం చెప్పే ఒక్క మనిషి. కోచింగ్ సెంటర్ కరపత్రంలో ‘బెస్ట్ ఫ్యాకల్టీస్’ అని వేస్తారు. పిల్లలు ‘మా ఫిజిక్స్ ఫ్యాకల్టీ రాలేదు’ అంటారు. సెలవు పెట్టిన అధ్యాపకుడి స్థానంలో వచ్చేవారు ‘గెస్ట్ ఫ్యాకల్టీ’. ఇంతమంది ఇన్నేళ్లుగా ఒకే అర్థంలో వాడుతున్న మాటను స్థానిక కరపత్రంలో దిద్దడం చాదస్తం అవుతుంది, చదివేవారికి అర్థభేదం ఏమీ రాదు. అయితే ఒక అధ్యాపకుడు విదేశీ విశ్వవిద్యాలయానికి దరఖాస్తు పెట్టుకుంటూ ‘ఐ యామ్ ఎ ఫ్యాకల్టీ’ అని రాస్తే అక్కడ చదివేవారు ఒక క్షణం ఆగుతారు, ఆ క్షణం మనకు మేలు చేయదు. అప్పుడు ‘ఎ ఫ్యాకల్టీ మెంబర్’ అనో, అంతకన్నా హాయిగా ‘ఐ టీచ్ కెమిస్ట్రీ ఎట్’ అనో రాయమంటాను. హోదా ఏదైనా ఉంటే, అసిస్టెంట్ ప్రొఫెసర్ వంటిది, దాన్నే రాయడం అన్నిటికన్నా ఉత్తమం. అది సమూహం పేరు కాదు, మనిషి పేరు, దానికి ‘ఏన్’ దర్జాగా అతుకుతుంది.

‘అలమ్నై’ వ్యవహారం దీనికి పూర్తిగా భిన్నం. ఇది రాశి మాట కాదు, మామూలు బహువచనం. కాకపోతే లాటిన్ బహువచనం. ఒక పూర్వ విద్యార్థి ‘అలమ్నస్’, ఒక పూర్వ విద్యార్థిని ‘అలమ్నా’, మగవారు గాని స్త్రీపురుషులు కలిసి గాని ఉంటే ‘అలమ్నై’, అందరూ స్త్రీలే అయితే ‘అలమ్నీ’. పోషించడం అన్న అర్థమిచ్చే లాటిన్ ధాతువు నుంచి వచ్చిన మాట కనుక, మూలంలో ‘పెంచబడినవాడు’ అని భావం. మన దగ్గర నాలుగు రూపాలనూ ఒకే ‘అలమ్నై’తో సరిపెట్టి, ‘హి ఈజ్ ఏన్ అలమ్నై’ అంటారు. ఇంకొంచెం ముందుకు పోయి ‘అలమ్నైస్ మీట్’ అని ఫ్లెక్సీ కట్టించినవారూ ఉన్నారు. ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవారిలో కూడా ఈ తప్పు దండిగా ఉందన్నది మనకు కొంత ఊరట. వారిలో చాలామంది ఈ గొడవంతా పడలేక ‘అలమ్’ అని కత్తిరించుకున్నారు. ఆడా మగా తేడా లేదు, బహువచనానికి ‘ఎస్’ చేరిస్తే సరి. మాటల్లో దానికి అభ్యంతరం లేదు గాని ఆహ్వాన పత్రికలో బాగుండదు. మహిళా విశ్వవిద్యాలయం, మహిళా కళాశాలల సావనీర్లు వచ్చినప్పుడు ‘అలమ్నీ అసోసియేషన్’ అన్న స్త్రీ బహువచనం ఇంగ్లీషు స్పెల్లింగులో సరిగ్గా పడిందో లేదో చూడడం నాకు ఇష్టమైన పని. అచ్చులో చివరి అక్షరాలు రెండే తేడా. చెవికి మాత్రం ఎంతమంది పండితులు ఉంటే అన్ని ఉచ్చారణలు; ఆ తగవులోకి నేను దిగను.

సమూహం పేరుకు క్రియ ఏకవచనంలో ఉండాలా, బహువచనంలో ఉండాలా అన్న ప్రశ్న పరీక్ష పుస్తకాల్లో పెద్దగా కనిపిస్తుంది గాని, నా లెక్కలో అంత పెద్దది కాదు. తెలుగులో ‘కమిటీ నిర్ణయించింది’ అంటాం, ‘సిబ్బంది వచ్చారు’ అంటాం, తడుముకోము. అమెరికన్లు కమిటీకీ స్టాఫ్‌కూ కూడా సాధారణంగా ఏకవచనమే వాడతారు. బ్రిటిష్‌వారు ఆ సమూహాన్ని ఒకటిగా చూస్తున్నారా, పలువురుగా చూస్తున్నారా అన్నదాన్ని బట్టి మారుస్తారు. ‘పోలీస్’ ఒక్కటే ఎటువైపైనా బహువచనం: ‘పోలీస్ హ్యావ్ అరెస్టెడ్’. ఒక పేజీలో ఏదో ఒక పద్ధతికి కట్టుబడితే మిగతా సంగతి నడిచిపోతుంది.

దేశాల పేర్లు, భాషల పేర్లు, మతాల పేర్లు దగ్గరికి వచ్చేసరికి వ్యాకరణం పక్కన మర్యాద కూడా వచ్చి కూర్చుంటుంది. తెలుగులో ‘ఈయుడు’ లేదా ‘ఏయుడు’ అన్న ప్రత్యయం చేరిస్తే ఏ దేశం మనిషైనా తయారవుతాడు: భారతీయుడు, చైనీయుడు, ఆంగ్లేయుడు. ఇంగ్లీషుకు ఆ సౌకర్యం లేదు. ‘ఏన్ ఇండియన్’, ‘ఏన్ అమెరికన్’ అనవచ్చు, ఎందుకంటే ‘అన్’తో ముగిసే ఈ మాటలు విశేషణంగానూ నామవాచకంగానూ పనిచేస్తాయి. పాకిస్తానీ, బంగ్లాదేశీ వంటి ‘ఈ’ కారాంతాలకూ ఇబ్బంది లేదు. ఇంగ్లీష్, ఫ్రెంచ్, డచ్, ఐరిష్ అన్నవి జనం మొత్తానికే వర్తిస్తాయి. ఒక్కరిని చెప్పాలంటే ‘మన్’ అనో ‘వుమన్’ అనో తోక తగిలించాలి. స్పానిష్, స్వీడిష్, పోలిష్, టర్కిష్ మనుషులకు వేరే మాటలున్నాయి: స్పానియార్డ్, స్వీడ్, పోల్, టర్క్. చైనీస్, జపనీస్ వంటి ‘ఈస్’ అంతమయ్యే మాటలు నిఘంటువు ప్రకారం ఒక్కరికీ పదిమందికీ చెల్లుతాయి. అయినా ‘ఎ చైనీస్’ అన్నది నేటి ఇంగ్లీషు చెవులకు చాలావరకు మోటుగా వినిపిస్తుంది, ‘ఎ చైనీస్ స్టూడెంట్’, ‘ఎ చైనీస్ వుమన్’ అంటేనే సాఫీగా ఉంటుంది.

మన మాట చూద్దాం. తిరుపతి, చిత్తూరు జిల్లాలకు తమిళనాడు పొరుగు కావడం వల్ల ఒకే ఇంట్లో రెండు భాషలు మాట్లాడేవారు ఎందరో ఉన్నారు, కనుక ‘ఆయన తెలుగా, తమిళమా?’ అన్న ప్రశ్న ఇక్కడ వేరే జిల్లాలకన్నా ఎక్కువ వినిపిస్తుంది. దానికి ఇంగ్లీషులో ‘హి ఈజ్ తెలుగు’ అన్న జవాబు మచ్చలేనిది. ‘హి ఈజ్ ఎ తెలుగు’ అన్నది వ్యాకరణం ఒప్పుకున్నా కొంచెం బోసిగా ఉంటుంది. బహువచనంలో ‘తెలుగూస్’ మాత్రం ఇంగ్లీషు పత్రికల పుణ్యమా అని బాగా నలిగిన మాట. ‘తమిళియన్’ అన్నది మన దేశపు ఇంగ్లీషులో పుట్టింది. బయటి ప్రపంచం ‘ఎ తమిళ్’, ‘తమిళ్స్’ అంటుంది. ఊళ్ల పేర్ల దగ్గర అదృష్టం ఉండాలి. లండన్‌వారు లండనర్లు, హైదరాబాద్‌వారు హైదరాబాదీలు, ముంబైవారు ముంబైకర్లు అయ్యారు. తిరుపతివారికి అలాంటి స్థిరమైన ఇంగ్లీషు మాట ఏదీ కుదరలేదు. ‘ఫ్రమ్ తిరుపతి’ అని రాసి ఊరుకోవడమే మేలు.

‘షి ఈజ్ హిందూ’, ‘షి ఈజ్ ఎ హిందూ’ రెండూ ఒప్పే. కాని రెండూ ఒకటి కావు. ‘ఎ’ లేనిది ఆమెకున్న ఒక లక్షణాన్ని చెబుతుంది. ‘ఎ’ ఉన్నది ఆమెను ఒక వర్గంలో చేర్చి నిలబెడుతుంది. మతాల దగ్గర ఈ తేడా సన్ననిది. జబ్బుల దగ్గర, లోపాల దగ్గర అదే తేడా బరువెక్కుతుంది. ‘హి ఈజ్ ఎ డయాబెటిక్’ అంటే మనిషి మొత్తం ఆ జబ్బే అయినట్టు ధ్వనిస్తుందని, ‘హి హ్యాజ్ డయాబెటిస్’ అనాలని కోరేవారున్నారు; వారి కోరిక సబబే. ‘ద పూర్’, ‘ద డిసేబుల్డ్’ వంటి ప్రయోగాల మీదా ఇదే అభ్యంతరం ఉంది. 2023 జనవరిలో అమెరికన్ వార్తాసంస్థ అసోసియేటెడ్ ప్రెస్ వార్తల్లో మాటల వాడుకకు తాను వేసే నియమాల పుస్తకం తరఫున, ‘ద’ పెట్టి మనుషులను ఇలా గంపగుత్తగా పిలవడం మానుకోవాలని ట్విట్టర్‌లో సలహా ఇస్తూ, పేదలు, మానసిక రోగులు వంటి ఉదాహరణల మధ్య ‘ద ఫ్రెంచ్’ను కూడా చేర్చింది. ఫ్రెంచివారు అంటే అదేదో రోగమా అని లోకం నవ్వింది. అమెరికాలోని ఫ్రెంచి రాయబార కార్యాలయం ట్విట్టర్‌లో తన పేరును సరదాకి ‘ఎంబసీ ఆఫ్ ఫ్రెంచ్‌నెస్’ అని మార్చుకుంది. చివరకు ఆ సంస్థ ట్వీటును తొలగించి, ఎవరినీ నొప్పించాలన్నది తమ ఉద్దేశం కాదని చెప్పుకుంది. సలహా మూలంలో మంచిదే, ఉదాహరణే చెడగొట్టింది.

మన పిల్లల చేతిలో ఈ ‘ద పూర్’ పడే పాట్లు వేరు. తెలుగులో పేదవాడు, పేదలు అని రెండూ ఉన్నాయి కనుక వ్యాసాల్లో ‘ఎ పూర్’, ‘హెల్ప్ ద పూర్స్’ అని రాస్తారు. ఇలాంటి విశేషణాలకు ‘ద’ ఒక్కటే తోడు. ఒక్కరిని చెప్పాలంటే ‘ఎ పూర్ మ్యాన్’ అనాలి, ‘ఎస్’ ఎన్నడూ చేరదు. కోర్టు వార్తల్లోని ‘అక్యూజ్డ్’ వంటి కొద్ది మాటలు దీనికి మినహాయింపు: ఒక నిందితుడు ‘ద అక్యూజ్డ్’, ముగ్గురు నిందితులు ‘త్రీ అక్యూజ్డ్’.

బయోడేటాల్లో మరో వాక్యం కనిపిస్తుంది: ‘ఐ యామ్ బిలాంగింగ్ టు ఎ మిడిల్ క్లాస్ ఫ్యామిలీ’. చెందడం అన్నది జరుగుతున్న పని కాదు, ఉన్న స్థితి. కనుక ‘ఐ బిలాంగ్ టు’ అనాలి. వంట చేస్తూ ఉండవచ్చు, కుటుంబానికి చెందుతూ ఉండలేం. దీన్ని దిద్దడం తేలిక. దాని కిందనే కులం వివరం ఉన్నప్పుడు ఇంకొంత ఓపిక కావాలి, ఎందుకంటే మాటల్లో ‘ఆయన బీసీ’, ‘వాళ్లు ఎస్సీ’ అనడం మనకు ఎంత అలవాటో ఇంగ్లీషులో ‘హి ఈజ్ ఏన్ ఎస్సీ’ అని రాయడమూ అంతే అలవాటు. పొడి అక్షరాల్లో ఉన్నంతవరకు అందులో ఏముందో కనబడదు. విప్పి రాస్తే ‘హి ఈజ్ ఎ షెడ్యూల్డ్ క్యాస్ట్’ అవుతుంది, అంటే ఆ ఒక్క మనిషీ ఒక కులం మొత్తం అయ్యాడు. కులం అన్నది హద్దులున్న సమూహం, కమిటీ జాతి మాట. ‘మోర్ క్యాస్ట్’ అని ఎవరూ అనరు. చట్టం రాసినవారు ఈ విషయంలో ఎంత జాగ్రత్తగా ఉన్నారో 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం చూస్తే తెలుస్తుంది. అందులో మనిషి వచ్చే చాలాచోట్ల ‘ఎ మెంబర్ ఆఫ్ ఎ షెడ్యూల్డ్ క్యాస్ట్ ఆర్ ఎ షెడ్యూల్డ్ ట్రైబ్’ అనే ఉంటుంది. మొదటి ‘ఎ’ మనిషిది. రెండో ‘ఎ’, మూడో ‘ఎ’ కులానివి, తెగవి. దరఖాస్తు ఫారంలో గడి చిన్నదైతే ఎస్సీ అని రెండు అక్షరాలు వేస్తే చాలు, ఆర్టికల్ అక్కర్లేదు. వాక్యమే రాయవలసి వస్తే చట్టం రాసినట్టు రాయమనే చెబుతున్నాను.